ఖాళీలో కూర్చున్న పిచ్చుక

పోయిన వారం మన సర్దుడమ్మను ఒక గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో కూతురి చెయ్యి, ఇంకో చేతిలో గుడ్డ సంచి, సంచిలో పాత బోర్డొకటి, కొత్త బోర్డొకటి. గంట నొక్కాలా, వెనక్కి తిరిగి బస్సెక్కాలా అని ఆవిడ తేల్చుకోలేక నిలబడి ఉంటే, మనం వారం రోజులు హాయిగా తిని పడుకున్నాం. పాపం, కాళ్లు పీకి ఉంటాయి. ఇక లోపలికి పంపుదాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే యంత్రాలుంటాయి, వాటిని వార్మర్లంటారు. అవి తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఈవిడ బోర్డు డిజైనరు. గోరంత చోటు చూపిస్తే కొండంత సర్క్యూట్ సర్దేస్తుందని ఆఫీసులో అందరూ సర్దుడమ్మ అంటారు. ఆవిడ కూడా ఆ పేరుకి మురిసిపోతూనే ఉంటుంది, పైకి మాత్రం మూతి ముడుస్తుంది. కొత్త మోడల్లో బ్యాటరీ పెట్టాలి కాబట్టి బోర్డు చిన్నది చేయమన్నారు. ఆవిడ అన్నీ మొదటినుంచి గీస్తూ కూర్చోలేదు. ఈ పనిలో ఎవరూ అలా కూర్చోరు. ఏళ్ల తరబడి పనిచేసి నిగ్గు తేలిన పవర్ సప్లై ముక్కను పాత ఫైలులోంచి ఎత్తి కొత్తదాంట్లో దించింది. అది బద్ధకం కాదు, తెలివి. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేయడం లాంటిదే.

ఆఫీసు బల్ల మీద ఆ బోర్డు బుద్ధిగా పనిచేసింది. ఆస్పత్రిలో చల్లటి గదిలో పెట్టి వేడి పూర్తిగా పెంచేసరికి కొంప ముంచింది. లోపల పడుకోబెట్టింది రబ్బరు బొమ్మను కాబట్టి సరిపోయింది. "బిడ్డ ఒళ్లు కాలిపోతోంది" అంటూ అలారం మోగించి, ఉన్న వేడి కాస్తా ఆపేసింది. నిజానికి ఏ ఒళ్లూ కాలడం లేదు. పిల్లల డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే అబద్ధమాడితే మీ యంత్రాన్ని మీరే పట్టుకెళ్లండి" అన్నారు. ఆ ఇంకోసారి రేపే.

ఎంత వెతికినా తప్పెక్కడుందో దొరకలేదు. సోల్డరింగ్ చేసే అక్క చెవిలో ఊదింది, ఆ పవర్ సప్లై గీసిన మాస్టారు ఈ ఊళ్లోనే ఉన్నారని. కంపెనీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన దగ్గర ఆ మాస్టారి మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తారు. "కంపెనీ సరుకు మీద బొమ్మలు గీసుకునేవాడితో మనకేం పని?" అంటారు. ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని కంపెనీ మొదలుపెట్టిన స్నేహితులే ఇద్దరూ. ఎక్కడ చెడిందో ఎవరికీ తెలియదు.

సరే, గేటు దగ్గరికి వద్దాం.

గంట నొక్కింది తల్లి కాదు, కూతురు. "నువ్వు నొక్కుతావా, నేను నొక్కనా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే నొక్కేసింది. ఒకసారి నొక్కి ఊరుకునే రకం కూడా కాదు.

తలుపు తీసిన పెద్దమనిషి సన్నగా, వదులు చొక్కాలో, గడ్డం గీసుకోవడం సగంలో ఆపేసినట్టున్నారు. వాళ్ల వైపు కాకుండా పక్కనున్న పూలకుండీ వైపు చూస్తూ, "ఎవరమ్మా?" అన్నారు.

సర్దుడమ్మ కుండీని చూసి, ఆయన్ను చూసి, తడబడింది.

"నడిమధ్య చూపు పోయిందమ్మా. అంచులే కనిపిస్తాయి. అందుకే మనుషుల్ని పక్కచూపులు చూస్తాను. ఏమీ అనుకోకు."

"అయ్యో, అదేం లేదండీ. నేను... మీ పాత కంపెనీ నుంచి వచ్చాను, మాస్టారూ. బోర్డులు గీస్తాను."

ఆ ముఖంలో ఏదో మూసుకుపోయింది. "వాడు పంపాడా?"

"లేదండీ. తెలిస్తే నా తోలు ఒలుస్తారు."

"అయితే లోపలికి రా" అన్నారాయన, తలుపు బార్లా తీసి.

గదిలో కిటికీ కింద పొడవాటి బల్ల, దాని నిండా చిన్న చిన్న సొరుగులు. ఒక్కో సొరుగు మీదా అరచేయంత అక్షరాలతో చీటీలు. మెడ వంచిన దీపం, దాని భూతద్దం మీద దుమ్ము. ఓ మూల పాత స్కోపు, సర్క్యూట్లో కరెంటు నడకను తెర మీద పచ్చ గీతగా చూపించే పెట్టె. దాని మీద మాత్రం దుమ్ము లేదు. చూపు తగ్గినా మనిషి బల్ల వదల్లేదని సర్దుడమ్మకు అర్థమైంది.

"చెప్పు. ఏం పాడైంది? పాడైతే తప్ప నా దగ్గరికి ఎవరొస్తారు?"

"పాడైన సంగతి తర్వాత చెబుతాను మాస్టారూ. ముందు ఇంకో మాట చెప్పాలి. దానికోసమే దీన్ని వెంటబెట్టుకొచ్చాను." కూతుర్ని ముందుకు జరిపింది. అది అప్పటికే ఒక సొరుగు సగం లాగింది. "ఇది నెలలు నిండకుండా పుట్టింది. నా మోచేతి దాకా కూడా లేదు. దీన్ని మన కంపెనీ వార్మర్‌లోనే పెట్టారు. నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఎత్తుకోనిచ్చేవాళ్లు కాదు. చేసేదేం లేక ఆ మిషన్‌కేసి చూస్తూ ఉండేదాన్ని. అప్పుడప్పుడూ ఉత్తిపుణ్యానికి మోగేది. మోగినప్పుడల్లా ఒక పొడుగు నర్సు పరిగెత్తుకొచ్చేది. దీని వీపు కింద అరచెయ్యి పెట్టి చూసి, 'ఏం లేదమ్మా, మీ పిల్లకి మనుషులు కావాలి, అందుకే పిలుస్తోంది' అనేది. మా ఇంట్లో ఇప్పటికీ దీన్ని అలారం అనే పిలుస్తాం."

మాస్టారు తల కొంచెం పక్కకి తిప్పారు, ఏదో అడగబోతున్నట్టు. ఈలోగా సొరుగు ఊడి చేతికొచ్చి, స్క్రూలన్నీ నేల మీద జలజలా రాలాయి.

"అలారం!" అంది తల్లి.

"పోనీలేమ్మా, ఏరుకుంటుంది. నువ్వు చెప్పు."

"ఒకరోజు మెకానిక్ వచ్చి మిషన్ వెనక తలుపు తీశాడు. లోపల బోర్డు కనిపించింది. నేనప్పుడు ఆటబొమ్మలకి బోర్డులు గీసేదాన్ని, కాబట్టి కళ్లు దానిమీదికే పోయాయి. అక్కడ తెల్లసిరాతో ఒక పిచ్చుక. బొటనవేలంత ఉందేమో. ఎవరో ఒక మనిషి కూర్చుని, ఓపిగ్గా, ఎవరూ చూడని చోట పిచ్చుకను గీశారనుకున్నాను. ఇంత ఓపిక ఉన్న మనిషి చేసిన మిషన్ నా పిల్లను వదిలేయదులే అనిపించింది. ఆ రాత్రే మొదటిసారి నిద్రపోయాను మాస్టారూ. పిల్ల ఇంటికొచ్చి నిలదొక్కుకున్నాక అడ్రసు కనుక్కుని ఆ కంపెనీలోనే చేరాను. మీ గురించి అడిగితే ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లకి దొరికారు. మీకు దణ్ణం పెట్టుకోవాలనే వచ్చాను."

ఆయన నేల మీద స్క్రూలేరుకుంటున్న పిల్ల వైపు, అంటే దాని పక్కనున్న కుర్చీ వైపు, చాలాసేపు చూశారు.

"ఇలా రా బుజ్జమ్మా" అన్నారు చివరికి. అది రాగానే తల మీద చెయ్యి వేసి, జడ దాకా తడిమారు. "బరువుందే!"

"ముందు పళ్లు ఊడిపోయాయి కూడా" అంది అది గొప్పగా.

"నేను గీసింది ఏ ఇంటికి వెళ్లిందో నాకెవరూ చెప్పలేదమ్మాయ్" అన్నారాయన గొంతు సవరించుకుని. "బల్ల దగ్గర కూర్చునేవాళ్లకి బల్లే కనిపిస్తుంది. నువ్వు నాకు దణ్ణం పెట్టడం కాదు, ఇంత దూరం దీన్ని తీసుకొచ్చి చూపించావు, నేను నీకు రుణపడ్డాను." కళ్లు తుడుచుకోవడానికి ఆయనేం మొహమాటపడలేదు. సర్దుడమ్మ అసలే పడలేదు. కాసేపు ఇద్దరూ శుభ్రంగా ఏడ్చుకున్నారు. మధ్యలో ఉన్న పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇక్కడ తనకేం పని లేదని తేల్చుకుని, సంచిలోంచి బోర్డులు బయటికి లాగింది.

"తాతయ్యా, దీన్ని మీరే గీశారా?" పాత బోర్డు వెనక పిచ్చుక మీద వేలు పెట్టింది. "దీనికి కాళ్లేవి?"

"కూర్చుంది కదమ్మా. కాళ్లు కిందున్నాయి."

"గుడ్లు పొదుగుతోందా?"

"కాదు. కాపలా కాస్తోంది."

"ఎవరికి?"

"ఎవరికీ కాదు. ఆ ఖాళీకి."

సర్దుడమ్మ చేతిలో రుమాలు అలాగే ఆగిపోయింది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి కానీ, లోపల డిజైనరు లేచి కూర్చుంది. ఖాళీకి కాపలా ఏమిటి?

మాస్టారు పాత బోర్డు చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు దానంతటదే వెళ్లి పిచ్చుక మీద వాలింది. చూపు లేకపోయినా, గట్టి సిరా కాబట్టి వేలికి కొద్దిగా తగులుతుంది. చిన్నగా నవ్వుకున్నారు. తర్వాత కొత్త బోర్డు అందుకున్నారు. వేలు అదే చోటికి వెళ్లింది. అటు జరిగింది. ఇటు జరిగింది. నవ్వు మాయమైంది.

"పిచ్చుక ఏదీ?"

"తీసేశానండీ" అంది సర్దుడమ్మ. గొంతు ఎంత తగ్గించినా ఆ మాట గది నిండా వినిపించింది.

"తీసేసి అక్కడేం పెట్టావు?"

"ఒక గీత. సెన్సర్... బిడ్డ ఒంటి వేడి చూసే సెన్సర్ గీత. ఇంకెక్కడా చోటు లేక..."

"కాయిల్ వెనకాల నుంచా?"

జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. బోర్డుకి ఒక వైపు పవర్ సప్లై కాయిల్, అంటే రాగితీగ చుట్ట, సరిగ్గా దాని వెనక వైపు పిచ్చుక. ఆ కాయిల్ ఊరికే కూర్చోదు. హీటరు లాగే కరెంటు పెరిగేకొద్దీ చుట్టూ గోల చేస్తుంది, దగ్గర్లో ఉన్న సన్న గీతలన్నీ ఆ గోల వింటాయి. బిడ్డ ఒంటి వేడిని మోసుకొచ్చే గీత అన్నిటికంటే చెవులు పదునైనది. దాన్ని తీసుకెళ్లి కాయిల్ వీపుకి ఆనించింది సర్దుడమ్మ. వేడి తక్కువగా ఉన్నప్పుడు గోల తక్కువ కాబట్టి ఆఫీసులో బయటపడలేదు. చల్లటి గదిలో వేడి పూర్తిగా పెంచేసరికి, ఆ గోలంతా జ్వరంలా వినిపించింది మిషన్‌కి.

"సాఫ్ట్‌వేర్ ఒక్క తప్పు కూడా చూపించలేదు మాస్టారూ!"

"ఎలా చూపిస్తుంది?" ఆయన గొంతు లేచింది. "దానికి ఉన్నవాటి సంగతే తెలుసు. ఇది దానికి తగిలిందా, అది దీనికి తగిలిందా, అంతే. లేనిదాన్ని ఎందుకు లేకుండా ఉంచారో దానికేం తెలుసు? పాత ముక్క ఎత్తి కొత్తదాంట్లో పెట్టుకుంటారు, మంచిదే, అందుకే గీశాం. పార్టులు వస్తాయి, గీతలు వస్తాయి. ఖాళీ రాదమ్మాయ్! ఖాళీని కాపీ చేయడం ఎవడి వల్లా కాదు. ఆ చోటుని ఖాళీగా ఉంచడానికి నేను ఎన్ని బోర్డులు తగలేశానో నీకు తెలుసా? మొదట్లో 'ఇక్కడ ఏమీ పెట్టొద్దు' అని రాశాను. ఏం చేశారు? ఆ అక్షరాలు పక్కకి జరిపి గీత లాగారు. అప్పుడు పిచ్చుకను కూర్చోబెట్టాను. బొమ్మ కూడా ముక్కతో పాటే కాపీ అవుతుంది కదా. అది వచ్చిన చోటల్లా ఖాళీ కూడా దాని కింద వస్తుంది. పిచ్చుక మీదుగా గీత లాగడానికి ఎవరికీ చెయ్యి రాలేదు."

"నాకు వచ్చింది మాస్టారూ."

ఆయన బోర్డును బల్ల మీద పెట్టారు.

"అది చూసే కదా నేను ఆ రాత్రి నిద్రపోయాను. దాన్నే నా చేత్తో చెరిపేశాను. చెరిపేటప్పుడు ఒక్క క్షణం ఆగాను కూడా. బొమ్మే కదా, చోటు కలిసొస్తుంది అనుకున్నాను." తనను తాను తిట్టుకోవడానికి ఆవిడకు మాటలు సరిపోలేదు.

మాస్టారి కోపం పొంగిన పాలలా దిగిపోయింది. "క్షణమైనా ఆగావు కదా. మిగతావాళ్లు అదీ ఆగరు" అన్నారు. "సరేలే, ఏడిస్తే గీత పక్కకి జరగదు. సోల్డరింగ్ కడ్డీ ఎడమ వైపు రెండో సొరుగులో ఉంది. నువ్వు కొయ్యి, నేను చెబుతాను."

రేపటి పరీక్షకి కొత్త బోర్డు అచ్చు వేయించే టైము లేదు. ఉన్నదాన్నే బాగుచేయాలి. సర్దుడమ్మ భూతద్దం మీద దుమ్ము తుడిచి, సన్న బ్లేడుతో ఆ రాగి గీతను రెండు చోట్ల తెంపింది. వెంట్రుకలాంటి వైరు తీసుకుని, కాయిల్‌కి దూరంగా బోర్డు అంచు వెంబడి తిప్పి అతికింది. "ఇంకా అంచుకి. ఇంకా. మొహమాటపడకు" అంటూ ఆయన పక్కనే నిలబడి, వేడి తగలకుండా గాలిలోనే వేలితో దారి చూపించారు. చూడ్డానికి అందంగా ఏం లేదు. ఆవిడ గీసిన వాటిలో అంతకంటే వంకర గీత ఇంకోటి ఉండదు.

గీత తెంపడానికి ముందు ఓసారి, వైరు అతికాక ఓసారి, పెద్ద బల్బునే హీటరు అనుకుని తగిలించి స్కోపులో చూశారు. ముందు చూసినప్పుడు బల్బు పూర్తిగా వెలగగానే పచ్చ గీత చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయింది. తర్వాత చూసినప్పుడు బల్బు ఎంత వెలిగినా గీత కదలకుండా పడుకుంది.

"కదులుతోందా?" అని అడిగారు మాస్టారు, తెర తనకు కనిపించక.

"లేదు తాతయ్యా, నిద్రపోయింది" అంది అలారం గుసగుసగా, లేస్తుందేమోనని.

సర్దుడమ్మ కుర్చీలో కూలబడింది. రేపు వార్మర్ అబద్ధమాడదు. కొత్త ఫైలులో పిచ్చుకకు దాని చోటు దానికి ఇచ్చేయాలి, బ్యాటరీని కాస్త పక్కకి జరగమనాలి. ఇన్ని రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ దిగిపోయింది. ఆ బండ దింపిన మనిషి ఎదురుగా స్కోపు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు, మంచి పని చేసిన గేదెను నిమిరినట్టు. ఈ మనిషిని ఇన్నేళ్లు ఎవరూ పలకరించలేదే అనుకుంది.

"పెద్దాయనకు చెప్పాలి మాస్టారూ. తిట్టినా సరే" అని ఫోను తీసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. అది మోగుతుండగా మాస్టారు పాత బోర్డును మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. వేలు పిచ్చుక మీద ఆగి, అక్కణ్ణుంచి బోర్డు రెండో చివరికి నడిచింది.

"ఎక్కడ చచ్చావమ్మా? డాక్టరుగారు రెండుసార్లు ఫోన్ చేశారు!" పెద్దాయన గొంతు గదిలో పేలింది.

"తప్పు దొరికింది సార్. సరిచేశాను కూడా. నేను... మాస్టారింట్లో ఉన్నాను."

తిట్లకు సిద్ధపడి ఆవిడ కళ్లు మూసుకుంది.

"వాడి కళ్లు ఎలా ఉన్నాయి?" అన్నారు పెద్దాయన.

సర్దుడమ్మ కళ్లు తెరిచింది. కంపెనీలో ఇన్నేళ్లుగా ఆ గొంతు వింటోంది కానీ, అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు. ఆవిడ జవాబు చెప్పేలోపే మాస్టారు బల్ల మీదికి వంగారు. ఆయన వేలు పాత బోర్డు చివర, హీటరును వేసి ఆపే రిలే అనే స్విచ్చు పక్కన, ఒకే చోట తిరుగుతోంది.

"నా కళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఒరేయ్, రిలే పక్కన రెండో పిచ్చుక ఉండాలి. ఏదిరా?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"నేనే తీసేశాను" అన్నారు పెద్దాయన. "నువ్వు వెళ్లిపోయాక పెద్ద రిలే పెట్టాల్సొచ్చింది. చోటు చాలలేదు. దాని పనేంటో నిన్నడగాలని ఫోను పట్టుకున్నాను రా. పట్టుకుని, నోరు రాక పెట్టేశాను. ఏమవుతుంది దానివల్ల?"

"హీటరు ఆగి మళ్లీ అందుకునేటప్పుడు రిలే కొట్టుకుంటుంది. ఆ దెబ్బ సెన్సర్‌కి తగులుతుంది. రోజూ కాదు. ఎప్పుడో ఒకసారి." మాస్టారు సర్దుడమ్మ వైపు తల తిప్పారు. ఈసారి ఆవిడ ముఖం ఆయన చూపు అంచులో సరిగ్గా పడింది. "ఉత్తిపుణ్యానికి మోగుతుంది. మోగి, వేడి ఆపేస్తుంది. ఆ మోడల్ వార్మర్లు ఇంకా వాడకంలో ఉన్నాయా?"

"ఉన్నాయి" అన్నారు పెద్దాయన. "అన్నీ ఉన్నాయి. పిల్లలతో ఉన్నాయి."

సర్దుడమ్మకు ఆ స్టూలు గుర్తొచ్చింది. ఆ గది, ఆ మోత. మోగినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి, వీపు కింద అరచెయ్యి పెట్టి, వేడి మళ్లీ అందుకునేదాకా ఆ చెయ్యి తీయని పొడుగు నర్సు. పిల్ల పిలుస్తోందని నవ్వించేది, తల్లి హడలిపోకూడదని. తను ఇన్నేళ్లూ మిషన్‌కి దణ్ణం పెట్టుకుంది. పిచ్చుకకు పెట్టుకుంది. ఇవాళ మాస్టారికి కూడా పెట్టింది. ఆ చేతికి ఒక్కసారి కూడా పెట్టలేదు.

అలారం పాత బోర్డును తిప్పి తిప్పి చూస్తోంది. ఒక పిచ్చుక ఉన్న చోటు చూసింది, రెండోది లేని చోటు చూసింది. తల్లి కొంగు లాగింది.

"అమ్మా, నా మిషన్‌లో కూడా ఈ రెండో పిచ్చుక లేదు కదా. మరి అప్పుడు నన్నెవరు కాపలా కాశారు?"